బాయిలరులో గంజి

నెల్లూరు జిల్లాలో బిట్రగుంటకు తూర్పున, సముద్రం దారిలో ఉన్న సాలిపాలెం కాపురస్థుడు, కీర్తిశేషులు అందె పెంచలయ్య గారి ఏకైక కుమారుడు, వృత్తి చేనేత, వయస్సు ఎనభై ఆరు, అందె కామాక్షయ్య అను నేను, 2025 ఫిబ్రవరి 9వ తేదీ ఆదివారం నాడు మొదలుపెట్టి, పూర్తి తెలివితో, స్థిరబుద్ధితో, ఒకరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, నా చేత్తో నేనే రాసుకున్న వీలునామా.

స్థిరబుద్ధి అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. నా కొడుకు ప్రసాద్ పోయిన దీపావళికి ఫోన్లో వాళ్ల చెల్లెలితో "నాయనకు మతి సరిగా లేదు మే, ఏందేందో మాట్లాడతా ఉండాడు" అన్నాడు. నేను పక్క గదిలోనే ఉన్నాను. నాకు చెవుడు లేదు. అందుకని నేనే బస్సెక్కి కావలి పోయి, ఒక డాక్టరు చేత సర్టిఫికెట్టు రాయించుకుని దీనికి జత చేశాను. ఆయన నన్ను వారాల పేర్లు వెనక నుంచి చెప్పమన్నాడు. చెప్పాను. అది చాలదనుకుంటే, ఈ కాగితం మొదలుపెట్టే ముందు సాక్షులిద్దరి ఎదుట మగ్గం మీద తెగిన పోగులు నలభై మూడు, కళ్లజోడు పెట్టుకోకుండా అతికాను. మతి తప్పినవాడు ఆ పని చేయగలడేమో నా పిల్లలు కూర్చుని ప్రయత్నించి చూడవచ్చు.

దీన్ని దస్తావేజు లేఖరి చేత రాయించాలని మూడుసార్లు పోయాను. మూడుసార్లూ ఆయన నేను చెప్పిందంతా విని, తల ఊపి, ఒక పేజీ రాసి ఇచ్చాడు. నా ఎనభై ఆరేళ్లు ఒక్క పేజీలో పట్టించాడు మహానుభావుడు. మిగతా సంగతులేవని అడిగితే "ఇవన్నీ వీలునామాలో రాయకూడదండీ, ఆస్తి ఎవరికో అది రాస్తే చాలు" అన్నాడు. ఆస్తి ఎవరిదో తేలేదే ఆ మిగతా సంగతుల్లో అని ఆయనకు ఎట్లా చెప్పేది? చెప్పలేక చెప్పలేక విసుగొచ్చి, ఫీజు ఇచ్చేసి ఇంటికొచ్చాను.

ఇందులో అసలు విషయం ఒక్కటే. మా వీధిలో పుట్టిన ఒక కుటుంబాన్ని ఎనభై ఏడేళ్లుగా అందరూ గంజోళ్లు అంటున్నారు. ఆ పేరు అబద్ధం. ఆ అబద్ధం ఆధారంగా వాళ్లకు రావలసిన సగం ఇల్లూ, సగం పెరడూ నేను అనుభవిస్తూ వచ్చాను. వాళ్ల ఇల్లు వాళ్లకు పోవాలి, వాళ్ల పేరు వాళ్లకు తిరిగి రావాలి. మిగతావన్నీ దాని చుట్టూ ఉన్న చిల్లర సంగతులు.

1. ఈ వీలునామాను అమలు జరపవలసినది కావలిలో నూలు, రంగుల వ్యాపారం చేసే షేక్ సైఫుల్లా. వాళ్ల నాయన దగ్గరా, ఇతని దగ్గరా కలిపి యాభై ఏళ్లు నూలు కొన్నాను. ఇద్దరూ తూకంలో ఒక్కసారి మోసం చేయలేదు. రంగులో మాత్రం సైఫుల్లా 2003లో నాకు కారిపోయే ఎరుపు అంటగట్టాడు. ఆ సంగతి నేను మరిచిపోలేదు, అతనూ మరిచిపోలేదు. చేసిన తప్పు గుర్తుపెట్టుకునే మనిషి గనకనే ఈ పని అతనికి అప్పజెప్పుతున్నాను.

2. నా కొడుకు ప్రసాద్‌కు ఊరి దక్షిణాన ఉన్న మూడు ఎకరాల పొలం 2011లోనే రిజిస్టరు చేసి ఇచ్చేశాను. పిత్రార్జితంలో వాడి వాటా దానితో తీరిపోయింది. అందుకు వాడు సంతకం కూడా పెట్టాడు. కాగితం ట్రంకు పెట్టెలో ఉంది. ఆ పొలాన్ని వాడు రొయ్యల గుంటలకు లీజుకిచ్చాడు. పక్క బావులన్నీ ఉప్పెక్కినాయి. ఆ బావుల వాళ్లు వచ్చి వాడిని తిట్టరు, నన్ను తిడతారు. వాడు ముత్తుకూరు దగ్గర థర్మల్ స్టేషన్లో, బాయిలరు సెక్షన్లో పని చేస్తాడు. మా తాత కాలంలో మా వంశాన్ని పట్టుకున్న ఆవిరి ఇంకా వదల్లేదు.

ఈ ఇంట్లో పడమటి సగం వాడికీ, వాడి చెల్లెలికీ సమానంగా చెందవలసినది. వాడికి ప్రత్యేకంగా పెరట్లోని మా పాత బాయిలరుకు బిగించిన, ఆవిరి బలం చూపించే ఇత్తడి గేజీ ఇస్తున్నాను. ఐదేళ్ల వయసులో వాడు రోజంతా దాని ముందు కూర్చుని, అద్దం పగిలిన చోట వేలు పెట్టి ముల్లు తిప్పేవాడు. అన్నానికి రమ్మంటే "ఇంకా ఆవిరి రాలేదు నాయనా" అనేవాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. వాడి మీద ఎంత కోపం వచ్చినా ఆ మాట గుర్తొచ్చి సగం చల్లారిపోతుంది. మిగతా సగం మాత్రం అట్లాగే ఉంది.

3. నా కూతురు విజయకుమారికి నెల్లూరులో బట్టల అంగడి ఉంది. అందులో మరమగ్గం చీరెలకు చేనేత అని చీటీ అంటించి అమ్ముతుంది. నేను పోయి ఒక చీరె వెనక్కి తిప్పి చూసి, ఇదేంది అని అందరి ముందూ అడిగాను. ఆ రోజు నుంచి నన్ను అంగడికి రావద్దంది. సరే, పోలేదు. ఆమెకు పడమటి ఇంట్లో సగంతో పాటు, వాళ్లమ్మ పెట్టెలోని ఇరవై రెండు గళ్ల రుమాళ్లు ఇస్తున్నాను. అవి నేను నేసినవి, రంగు వాళ్లమ్మ వేసింది. వాటికి ఏ చీటీ అంటించనక్కరలేదు, చెయ్యి పెడితే తెలుస్తుంది. అమ్ముకుంటే అమ్ముకోనీ, నేనేమీ అనను. ఒక్కటి మాత్రం ఉంచుకో తల్లీ. నువ్వు పుట్టినప్పుడు నిన్ను చుట్టి నా చేతికిచ్చింది అందులోదే. మూలన చిన్న నీలం మరక ఉంటుంది.

4. బాయిలరు సంగతి.

పెరట్లో తూర్పు గోడ పక్కన పడి ఉన్న ఇనుప బాయిలరు, పొడవు పద్నాలుగు అడుగులు. దీన్ని ఇంతవరకూ ఎవరూ అమ్మలేకపోయారు. పాత ఇనుము వ్యాపారులు ఏడాదికొకడు వచ్చి కొలతలు తీసుకుని పోతాడు. 1938 నాటి భాగపత్రంలో దీన్ని ఎవరి వాటాలోనూ రాయలేదు, అంత అసహ్యించుకున్నారు. అందుకని ఇది రెండు కుటుంబాలకూ ఉమ్మడిది. ఆ రెండు కుటుంబాలకూ మాటలు లేవు.

మా తాత అందె నరసయ్య గారు ముప్పై ఆరు మగ్గాల ఆసామి. మా వీధిలో నేసిన గళ్ల రుమాళ్లు మద్రాసు రేవు నుంచి ఓడల్లో పోయేవి. ఆవిరి మిల్లులు వచ్చి ఆ రంగులూ, ఆ గళ్లూ, చివరకు అంచు దగ్గర మా వాళ్లు అలవాటుగా చేసే తప్పుతో సహా దించి, సగం ధరకు అమ్మడం మొదలుపెట్టాయి. తాత రైలెక్కి మద్రాసు పోయి ఒక మిల్లు గేటు బయట మూడు రోజులు నిలబడ్డాడట. లోపలికి రానివ్వలేదు. గొట్టం నుంచి పొగ చూశాడు, గోడ అవతల చప్పుడు విన్నాడు, అంతే. నాలుగో రోజు ఇంటికొచ్చి, మనమూ పెడదాం అన్నాడు. చూడని దాన్ని పెట్టాలనుకోవడం మా తాతకే చెల్లింది.

బిట్రగుంట రైలు షెడ్డులో పనికిరాదని వేలం వేసిన పాత ఇంజను బాయిలరు కొన్నాడు. దాన్ని ఆరు జతల ఎడ్లు ఇసుకలో పదకొండు రోజులు లాగాయి. ఎక్కడెక్కడివో పదహారు మరమగ్గాలు తెచ్చి షెడ్డు వేశాడు. మంటకు సముద్రం ఒడ్డున ఉన్న మా సరుగుడు తోపు కొట్టించాడు. నీళ్లు మా బావివే. సముద్రానికి రెండు మైళ్ల దూరంలో ఉన్న బావి నీళ్లు ఎట్లా ఉంటాయో చెప్పాలా? ఆ ఉప్పు తగిలి బాయిలరు ఏడాది తిరక్కముందే అతుకుల దగ్గర కారడం మొదలుపెట్టింది.

దాన్ని చూసుకోవడానికి బిట్రగుంట రైల్వే కాలనీ నుంచి ఒక ఫిట్టరు వచ్చేవాడు. సన్నగా కారే చోటు కనిపిస్తే, ఒక గుప్పెడు తవుడు నీళ్లలో కలిపి బాయిలరులో పోసేవాడు. తవుడు పోయి ఆ సందులో ఇరుక్కుని కారడం ఆగేది. గుప్పెడు మాత్రమే. అంతకు మించి ఎందుకు పోయకూడదో ఆయనకు తెలుసు, మా వాళ్లకు తెలియదు.

మంట వేసే పని మా తాత చిన్న కొడుకుది. పేరు సుబ్బు, వయస్సు పంతొమ్మిది. నాకు చిన్నాయన. వీధిలో అతని అంత నున్నగా నేసేవాడు లేడని పెద్దలు అనేవాళ్లు. "ఈ బండకు మేత పెట్టడానికా నేను మగ్గం నేర్చుకుండేది" అని అందరి ముందూ అనేవాడట. పాపం, ఆ మాటే తర్వాత అతనికి సాక్ష్యమై కూర్చుంది.

1938 ఫిబ్రవరిలో ఫిట్టరు బిడ్డకు పేరు పెట్టుకోవడానికి సెలవు మీద పోయాడు. బాయిలరు నాలుగు చోట్ల కారుతోంది. ఓడకు అందవలసిన సరుకు సగం కూడా కాలేదు. తాత అందరి మీదా అరుస్తున్నాడు. ఒక రోజు తెల్లవారుజామున మంట వేయకముందు, పడుగు నూలుకు పెట్టడానికి కాచిన గంజి రెండు కుండలు ఎవరో బాయిలరులో పోశారు.

మా ఇళ్లలో నూలు బలానికి గంజి, బిడ్డ జ్వరానికి గంజి, చినిగిన కాగితం అతకడానికి గంజి. గుప్పెడు తవుడుతో కారడం ఆగితే రెండు కుండల గంజితో ఇంకెంత గట్టిగా ఆగాలి? ఇట్లా ఆలోచించేది ఈ లోకంలో సాలెవాళ్లొక్కరే. తర్వాత ఏం జరిగి ఉంటుందో ప్రసాద్ ఒకసారి నాకు విడమరిచి చెప్పాడు. "పిండి నీళ్లు కాగితే పాలు పొంగినట్టు పొంగుతాయి నాయనా. ఆవిరితో పాటు నీళ్లు కూడా పోయి సిలిండరులో పడతాయి. నీళ్లు నలగవు గదా, ఇనుమే పగులుతుంది." అట్లాగే పగిలింది. గొట్టం అతుకు ఊడి, ఆవిరి వచ్చి పక్కనే ఉన్న సుబ్బు చిన్నాయన కుడి చేతికి కొట్టింది. మోచేతి నుంచి వేళ్ల దాకా కాలిపోయింది. మూడు వేళ్లు ఒకదానికొకటి అంటుకుపోయాయి. అతను మళ్లీ మగ్గం తాడు లాగలేదు.

5. ఆ సాయంత్రం తాత ఇంటిల్లిపాదినీ పెరట్లో నిలబెట్టి "ఎవురు పోసినారు?" అని అడిగాడు. ఇంకొకరు నోరు తెరవకముందే, చేతికి అరిటాకు చుట్టుకుని ఉన్న సుబ్బు చిన్నాయన "నేనే పోసినా నాయనా" అన్నాడు.

అందరూ నమ్మారు. బండ అన్నవాడు వాడే గదా. మార్చి నెలలో భాగపత్రం రాశారు. అందులో ఉన్న మాటలు ఉన్నట్టే ఇక్కడ దించుతున్నాను: "సదరు సుబ్బు దుర్బుద్ధితో బాయిలరులో గంజి పోసి కుటుంబ వ్యాపారమును పాడుచేసినందున, సదరు వానికి ఒక మగ్గమును, సముద్రపు ఒడ్డున పది సెంట్ల ఇసుక నేలను మాత్రము ఇవ్వడమైనది." చెయ్యి కాలినవాడికి మగ్గం. తాత వెటకారానికి ఇచ్చాడో, చూసుకోకుండా ఇచ్చాడో నాకు తెలియదు. ఇల్లూ, పెరడూ, బావీ, పొలమూ అంతా పెద్ద కొడుకైన మా నాయన పెంచలయ్యకు వచ్చాయి, ఆయన నుంచి నాకు వచ్చాయి. సుబ్బు చిన్నాయన కుటుంబానికి గంజోళ్లు అన్న పేరు వచ్చింది.

ఆవిరి మగ్గాలు పద్నాలుగు నెలలు ఆడాయి. వాటి కోసం తాత విప్పేసిన ముప్పై ఆరు చేతిమగ్గాల్లో తిరిగి లేచినవి తొమ్మిది.

6. 1987లో మా అమ్మ ఆదిశేషమ్మ పోయే ముందు, ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి బియ్యం గాదెలో చెయ్యి పెట్టమంది. అడుగున ఒక ఇత్తడి గరాటు ఉంది. బాయిలరులో తవుడు నీళ్లు పోసే గరాటు అది, తాత బతికినన్నాళ్లూ వెతికాడు. లోపల గోధుమ రంగులో ఎండిపోయిన పొర అంటుకుని ఉంది. గోరుతో గీకితే పొడి రాలింది.

అమ్మ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. "గంజి నేను పోసినా. ఆ ఫిట్టరాయన తవుడు పోసేది చూసినా గదా, అట్నే ఆగుతుందనుకున్నా. మీ తాత అరుపులు నిలిస్తే చాలనుకున్నా. మూత సుబ్బు తీసినాడు. 'వద్దులే వదినా' అన్నాడు, నేనే గదమాయించినా. నువ్వు కడుపులో ఉండావు. మీ తాత నన్ను పుట్టింటికి తోలేస్తాడని సుబ్బు ఆ మాటన్నాడు. నేను నోరు తెరవలా. నేను పోయినాక చెప్పు. నేనుండగా చెప్పబాక."

ఆమె నాలుగు రోజులకు పోయింది. నేను చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో రాయాలి గనక రాస్తున్నాను. సుబ్బు చిన్నాయనకు న్యాయంగా రావలసిన తూర్పు సగానికి నేను ఆ ఏడే కొత్త కప్పు వేయించాను. సిగ్గులేని కారణమే, కానీ అదే కారణం. తర్వాత రోజులు గడిచేకొద్దీ ఇంకా కష్టమైంది. మొదటి నెలలో చెప్పలేనివాడు పదో ఏట ఎట్లా చెబుతాడు? నా మీద నాకే రోత పుట్టి, ఆ కోపమంతా ఇంట్లో వాళ్ల మీద చూపించాను. నా భార్య అడిగింది కూడా, అత్త పోయిన కాడి నుంచి ఏమైంది నీకు అని. ఆమెకూ చెప్పలేదు.

7. ఈ షరతులో ఆస్తి ఏమీ లేదు. అయినా నంబరు వేసి రాస్తున్నాను.

1989 నవంబరులో కావలి తుఫాను వచ్చింది. సముద్రం ఒడ్డున సుబ్బు చిన్నాయన వాళ్ల గుడిసె లేచిపోయింది. అప్పటికి చిన్నాయన పోయి పదేళ్లు. ఆయన భార్య పేరమ్మ పిన్నమ్మ వానలో నడిచి మా ఇంటికి వచ్చింది. గడప దాటలేదు. "పెరట్లో ఆ బాయిలరు పక్కన నాలుగు గుంజలు పాతుకుంటాం అబ్బయ్యా, రెండు నెలలు. మళ్లీ పూడుస్తాం" అంది.

నేను ఆమెతో "గంజోళ్లకు ఈ ఇంట్లో చోటు లేదు" అన్నాను. తెలిసి అన్నాను. నిజం తెలిసి రెండేళ్లయింది. ఆమె లోపలికి వస్తే, ఆ బాయిలరు పక్కన వంట చేసుకుంటూ రోజూ నాకు కనపడితే, నేను చెప్పేస్తానేమోనని భయం. భయపడ్డవాడు మెల్లగా లేదు పిన్నమ్మా అని పంపొచ్చు. నేను ఆ మాటే అన్నాను.

పిన్నమ్మ గోడ మీద ఉన్న మా అమ్మ ఫోటో వైపు చూసింది, తడిసిన కొంగు పిండుకుంది, ఫోటోకు దండం పెట్టి పోయింది. నాకు ఒళ్లు మండింది. నాటకాలు, అనుకున్నాను.

8. పై కారణాల చేత, సాలిపాలెం గ్రామంలో నా ఇంటి తూర్పు సగమూ, బావితో సహా తూర్పు వైపు సగం పెరడూ, రంగుల పాకా, సుబ్బు చిన్నాయన మనవరాలూ, వరసకు నా తమ్ముడి కూతురూ అయిన గంగాభవానికి నా తదనంతరం దాన విక్రయాది సర్వ హక్కులతో చెందవలసినది. దీనికి హద్దులు: తూర్పు సముద్రం దారి, దక్షిణం జమాల్‌బీ ఇల్లు, పడమర ఇంటి నడిమి గోడ, ఉత్తరం సాలె వీధి. ఆమె ముత్తుకూరులో ఉంటుంది, రేవులో పని చేసేవాళ్లకు చొక్కాలు కుడుతుంది. నేను ఆమెకు ఏమీ దానం చేయడం లేదు. ఆమెది ఆమెకు పోతోంది. ప్రసాద్‌కు రాసిచ్చేసిన పొలంలో వాళ్ల సగమూ, ఎనభై ఏడేళ్ల అద్దె నేను ఇవ్వలేను, అవి నా నెత్తిన అట్లాగే ఉంటాయి.

నా పిల్లలు దీని మీద కోర్టుకు పోతే పోవచ్చు. జడ్జి గారి ముందు కూడా నలభై మూడు పోగులు అతకడానికి నేనుండను గనక, గరాటును సైఫుల్లా దగ్గర ఉంచాను. లోపలి పొర కడగవద్దని చెప్పాను.

9. బాయిలరులో మా కుటుంబానికి ఉన్న హక్కు కూడా గంగాభవానిదే. అమ్ముకుంటుందో, కోళ్లు పెంచుకుంటుందో ఆమె ఇష్టం. గరాటు కూడా చివరికి ఆమెకే చేరాలి.

10. మగ్గం సంగతి. కొత్త పడుగు ఎక్కించేటప్పుడు పాత పడుగు కొసలకు ఒక్కొక్క పోగే బూడిద అద్ది అతకాలి. పక్కింటి జమాల్‌బీ నలభై ఏళ్లుగా నాకు ఆ పని చేసింది. సాక్షి సంతకం చేసేవాళ్లకు వీలునామాలో ఏమీ రాయకూడదని లేఖరి బెదిరించాడు. కాబట్టి ఇది రాసి ఇవ్వడం కాదు, జరిగిన సంగతి చెప్పడం: మగ్గమూ, దాని సామానూ, నా బూడిద డబ్బాతో సహా, పోయిన శుక్రవారమే జమాల్‌బీకి ఇచ్చేశాను. నా మొహాన పనికిరాని పోగులు వేస్తావని ఆమె మీద రోజూ అరిచాను. ఆమె అతికిన పోగు ఒక్కటి కూడా ఊడింది లేదు.

11. నేను పోయిన పదకొండో రోజున, సైఫుల్లా ఈ వీలునామాలో నాలుగు నుంచి ఏడు వరకు షరతులను సాలె వీధి వాళ్లను పిలిచి, పెరట్లో బాయిలరు ముందు నిలబడి, అందరికీ వినపడేటట్టు చదవవలసినది. వీధిలో ఎవరైనా ఆ తర్వాత గంజోళ్లు అంటే, అది ఎవరి ఇంటి పేరో వాళ్లకు తెలియాలి.

12. పై పదకొండు షరతులతో ముగిద్దామనుకున్నాను. ముగియలేదు.

కాగితం రాశాక గంగాభవానిని పిలవమని సైఫుల్లాను ముత్తుకూరు పంపాను. ఆమె 16వ తేదీ ఉదయం బస్సు దిగి వచ్చింది. మెడలో కొలత టేపు అట్లాగే ఉంది, తీయడం మరిచిపోయింది. కూర్చోబెట్టి, నాలుగో షరతు నుంచి చదివి వినిపించాను. ఆరో షరతు చదివి తలెత్తాను. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. దేనికైనా సిద్ధంగానే ఉన్నాను.

"మాకు తెలుసు పెదనాయనా" అంది.

సుబ్బు చిన్నాయన పెళ్లయిన కొత్తలోనే పేరమ్మ పిన్నమ్మకు చెప్పాడట. పిన్నమ్మ కొడుక్కు చెప్పింది, అతను కూతురికి చెప్పాడు. ప్రతివాళ్లకూ చెప్పేటప్పుడు "తెలుసుకోండి, బయట మాత్రం అనబాకండి, వదిన పేరు వీధిలో పడకూడదు" అన్న మాట కూడా కలిపి చెప్పారట. మూడు తరాలు! బడిలో పిల్లలు గంజోళ్లు అంటే విని, నీళ్ల దగ్గర అంటే విని, పెళ్లి పందిట్లో అంటే విని, ఒక్కరు ఒక్కసారి నోరు జారలేదు. నాకు కోపం వచ్చింది. ఇంత ఓర్పు ఎవరు పట్టమన్నారు వీళ్లను? ఒక్కడు ఎదురు తిరిగి నా చొక్కా పట్టుకుని ఉంటే నేను ఎప్పుడో మనిషినయ్యేవాణ్ణి. గట్టిగానే అరిచాను. గంగాభవాని నా అరుపు అయిపోయేదాకా ఆగి, నీళ్లు తెచ్చి ఇచ్చింది.

అప్పుడు ఏడో షరతు నాకు అర్థమైంది. తుఫాను రోజు నా గుమ్మంలో నిలబడి ఆ మాట విన్నప్పుడు, గంజి ఎవరు పోశారో పేరమ్మ పిన్నమ్మకు తెలుసు. ఆమెకు కావలసింది ఒక్క మాట. అది అంటే వీధి అంతా మారిపోయేది. ఆమె మా అమ్మ ఫోటో చూసి, మొగుడు చెప్పిన మాట తలుచుకుని, దండం పెట్టి వానలోకి పోయింది. నేను నాటకం అనుకున్నాను. ముప్పై ఐదేళ్లు అట్లాగే అనుకున్నాను.

గంగాభవాని ఒకటే అడిగింది. "పెద్దవ్వను చెడ్డగా రాయబాక పెదనాయనా. మంచికే పోసింది గదా." ఆమె కోరిక ప్రకారం ఇక్కడ రాస్తున్నాను: మా అమ్మ ఆదిశేషమ్మ మంచికే పోసింది. ఆమెకు తెలిసిన మందు అదొక్కటే. అప్పటికి ఆమెకు పద్దెనిమిదేళ్లు, మా తాత అరిస్తే వణికేది. అది ఆమె తప్పు. నాది వేరే తప్పు, దానికి పద్దెనిమిదేళ్లూ లేవు, వణుకూ లేదు.

కాబట్టి పదకొండో షరతును ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. చచ్చినవాడి తరఫున సైఫుల్లా చదవనక్కరలేదు. ఈ నెల 27 గురువారం అమావాస్య, మగ్గాలు ఆడవు, వీధి వీధంతా ఇంట్లోనే ఉంటుంది. ఆ రోజు నేనే బాయిలరు ముందు నిలబడి చదువుతాను. ప్రసాద్‌నూ విజయకుమారినీ రమ్మన్నాను. రాకపోతే పక్కింటి వాళ్లు ఫోన్లో చెబుతారు. బతికి ఉండగా చేసే పనులు వీలునామాలో రాయకూడదని లేఖరి అంటాడు. ఆయన ముందే అన్నాడు, ఏదీ రాయకూడదని.

ఇంతకు ముందు నేను రాసినవేవైనా ఉంటే అవి చెల్లవు. ఇదే నా చివరి వీలునామా.

సాలిపాలెం, 23 ఫిబ్రవరి 2025.

(సంతకం) అందె కామాక్షయ్య

కామాక్షయ్య గారు మా ఇద్దరి ఎదుట సంతకం చేయగా, ఆయన ఎదుట మేము సంతకం చేసిన సాక్షులము:

1. షేక్ జమాల్‌బీ, పక్కింటి కాపురస్థురాలు, సాలిపాలెం.
2. క్రీస్తురాజు, బిట్రగుంట రైల్వే కాలనీ. పైన చెప్పిన ఫిట్టరు గారి మనవడు.

27 ఫిబ్రవరి 2025 నాడు అమలుదారు రాసినది: ఈ రోజు ఉదయం సాలె వీధి వాళ్ల ఎదుట, పెరట్లో బాయిలరు ముందు, కామాక్షయ్య గారు నాలుగు, ఐదు, ఆరు షరతులు నిలబడి చదివారు. ప్రసాద్ వచ్చి గేటు దగ్గర నిలబడి విన్నాడు. ఏడో షరతు దగ్గరకొచ్చి కామాక్షయ్య గారు ఆగిపోయారు. కాగితం ఆయన చేతిలో నుంచి తీసుకుని ఆ షరతు గంగాభవాని చదివింది.

(సంతకం) షేక్ సైఫుల్లా
సాక్షులు: జమాల్‌బీ, క్రీస్తురాజు.